నల్లమలలో హక్కు ఎట్లా రాయితీ అయింది, రాయితీ ఎట్లా నేరమైంది

కొండ చరియకు పట్టిన తేనెపెర తియ్యాలంటే చెంచు మనిషి నారతాడు పట్టుకుని లోయలోకి దిగాలి. పైన ఆ తాడును కాసే మనిషి ఎవరన్నది కట్టుబాటు ముందే తేల్చిపెట్టింది: భార్య తోడబుట్టినవాడు. తన అక్కకో చెల్లెలికో మగడు లేకుండా పోవాలని ఏ బావమరిదీ కోరుకోడు కాబట్టి ఆ తాడు అతని చేతిలోనే భద్రమని చెంచులు చెబుతారు. పొగ పెట్టడం, పెర కోయడం, దించిన తేనెలో ముందుగా దేవతకు తీసిపెట్టడం, పెంటలో, అంటే గుడిసెల గూడెంలో, ఉన్నవాళ్లు పంచుకోవడం, అన్నిటికీ ఒక పద్ధతి ఉంది. ఏ కొండ తేనె ఎవరు తియ్యొచ్చో కూడా అందరికీ తెలిసిన సంగతే.

19వ శతాబ్దం చివరినాటి అటవీ చట్టాల్లో ఈ పద్ధతికి చోటు లేదు. ఆ చట్టాల లెక్కలో తేనె ఒక ‘చిన్నతరహా అటవీ ఉత్పత్తి’. దాని యజమాని సర్కారు. తియ్యడానికి అనుమతి కావాలి, అమ్మడానికి గుత్తదారు ఉంటాడు, అనుమతి లేకుండా తీస్తే దొంగతనం.

పాలమూరు అడవుల చరిత్ర చెప్పేటప్పుడు మనం సాధారణంగా ఈ మార్పును దాటేసి నేరుగా తిరుగుబాట్లకు వెళ్లిపోతాం. రంప ఉంది, జోడేఘాట్ ఉంది, మరి నల్లమలలో ఏముంది అని అడుగుతాం. సాయుధ తిరుగుబాటు కనిపించకపోయేసరికి చెంచులు అమాయకులని, సర్కారుతో ఎప్పుడూ గొడవ పెట్టుకోలేదని రాసేస్తాం. ఈ అభిప్రాయం తప్పని నా వాదన. నల్లమలలో ప్రతిఘటనంతా ఆచారంలోనే ఉంది. అది కనపడాలంటే ముందు ఆ ఆచారమేమిటో, దాన్ని చట్టం ఎక్కడ తెంపిందో, నిజాం ఏలుబడిలోని పాలమూరుకు బ్రిటిష్ పద్ధతి ఏ దారిన వచ్చిందో విప్పి చూడాలి.

అడవిలో ఎల్లలు

కృష్ణకు ఉత్తరాన అమ్రాబాద్ పీఠభూమి, దక్షిణాన శ్రీశైలం, ఆత్మకూరు, మార్కాపురం అడవులు. ఈ రెండు ఒడ్డుల నల్లమలలోనూ చెంచులున్నారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తంలో వాళ్లు సుమారు 64 వేల మంది. కొన్ని గుడిసెల గుంపును పెంట అంటారు. అప్పాపూర్, భౌరాపూర్, మేడిమల్కల, ఈర్లపెంట, పుల్లాయిపల్లి, సంగడిగుండాల, ఈ పేర్లు అచ్చంపేట, లింగాల ప్రాంతం వాళ్లకు కొత్తవి కావు.

బయటివాళ్లకు అడవి అంటే హద్దులేని పచ్చదనం. చెంచులకు అది గీతలున్న నేల. ఒక్కో గుంపుకు తాతలనాటి నుంచి వస్తున్న ఇలాకా ఉంటుంది. ఈ వాగు దాకా మాది, ఆ గట్టు అవతల వాళ్లది అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. 1940లో అమ్రాబాద్‌లో చెంచుల మధ్య ఉండి వాళ్ల జీవితాన్ని నమోదు చేసిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ ఈ ఇలాకాల సంగతి వివరంగా గమనించాడు. ఇలాకా ఉందంటే కంచె ఉందని కాదు. పెళ్లితో ఒక పెంట మనిషికి ఇంకో పెంట ఇలాకాలోనూ దారి దొరుకుతుంది. మగవాడు తన తండ్రి నేలలో ఉండొచ్చు, భార్య పుట్టినింటి నేలకు వెళ్లి అక్కడివాళ్లలో ఒకడిగానూ బతకొచ్చు. ఒక ఏడు ఒకచోట ఇప్పపువ్వు సరిగా రాలకపోతే చుట్టరికం పట్టుకుని ఇంకో చోటికి వెళ్లే వీలుంది. కరువును తట్టుకునే ఏర్పాటు అది. ఒకే ఇంటిపేరు వాళ్లు పెళ్లాడకూడదన్న నియమం వల్ల ఈ చుట్టరికాలు అడవంతా పరుచుకుని ఉంటాయి.

ఇక ఋతువుల లెక్క. వానాకాలం పెంటలో ఉంటారు. ఎండలు ముదిరేకొద్దీ నీళ్లున్న చోటికి, ఇప్పచెట్లున్న చోటికి దిగి ఆకుల పందిళ్లు వేసుకుంటారు. ఇప్పపువ్వు, సారపప్పు, తునికి పండ్లు, చింతపండు, కుంకుళ్లు, తపసి బంక, అడవి గడ్డలు, ఒక్కోదానికి ఒక్కో కాలం. గడ్డ తవ్వినప్పుడు తీగ మొదలున్న ముక్కను మళ్లీ మట్టిలో పెట్టి కప్పేయడం, పెరనంతా ఊడ్చుకుపోకుండా కొంత వదలడం మామూలు అలవాట్లు. విల్లంబులతో, కుక్కలతో వేటకు వెళ్తే దొరికిన మాంసం పెంటలోని ఇళ్లన్నిటికీ చేరుతుంది. దాచుకోవడం, పోగేసుకోవడం వాళ్ల పద్ధతిలో లేదు. అధికారుల నివేదికలు దీన్నే ‘ముందుచూపు లేని బతుకు’ అని రాశాయి. గింజను గాదెలో దాచేవాడికే ముందుచూపు ఉందనుకునే వాళ్ల రాత అది. గడ్డ తలను తిరిగి మట్టిలో పాతిపెట్టడం కంటే ముందుచూపు ఏముంటుందో నాకు తెలియదు.

ఈ అడవి మీద ఇతరులకూ ఆచారపు హక్కులుండేవి. అంచున ఉన్న ఊళ్ల గొల్లలు, లంబాడాలు ఎండాకాలం మందలను నల్లమలలోకి తోలేవాళ్లు. చెంచులు ఆ మందలకు కాపలా ఉండి, దారి చూపి, పాలు, గింజలు తీసుకునేవాళ్లు. అమ్రాబాద్ పొడ తూర్పు జాతి ఎడ్లు ఈ అడవి మేత మీద పెరిగినవే. ఆ జాతికి ఈమధ్య జాతీయ స్థాయిలో గుర్తింపు కూడా వచ్చింది. శ్రీశైలం యాత్రికులను అడవి దాటించి రుసుము తీసుకోవడం చెంచులకు మరో ఆనవాయితీ. మల్లన్న తమ ఇంటి అల్లుడని, అహోబిలం నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్లాడి తమ చుట్టమయ్యాడని చెప్పుకునే జనానికి ఆ దారి మీద హక్కు ఉండటం సహజంగానే తోచేది. చైత్ర పున్నమికి జరిగే సలేశ్వరం జాతరలో పూజారులు ఇవాళ్టికీ చెంచులే. తెల్ల అధికారుల రాతల్లో మాత్రం యాత్రికుల రుసుము బెదిరింపు వసూళ్ల కింద జమైంది.

హక్కు చెప్పుకోకపోతే పోయినట్టే

బ్రిటిష్ ఇండియాలో అడవుల శాఖ 1864లో డీట్రిచ్ బ్రాండిస్ అనే జర్మన్ నిపుణుడితో మొదలైంది. వెనకాల ఉన్న అవసరం కలప, అందులోనూ ముఖ్యంగా రైలు పట్టాల కింద వేసే స్లీపర్లు. 1865లో మొదటి చట్టం, 1878లో మరింత గట్టి చట్టం వచ్చాయి. 1878 చట్టానికి ముందు అధికారుల మధ్య పెద్ద వాదన నడిచింది. అందులో బ్రిటిష్ అధికారి బేడెన్-పావెల్ పక్షం చెప్పింది ఇది: రాజ్యం రాతపూర్వకంగా ఒప్పుకున్నదే హక్కు. జనం తరతరాలుగా వాడుకుంటున్నదంతా పాత రాజులు చూసీచూడనట్టు వదిలేసిన వాడుక మాత్రమే, దాన్ని ఎప్పుడైనా ఆపేయొచ్చు.

మద్రాసు రెవెన్యూ బోర్డు దీనికి ఎదురు చెప్పింది. తమ రాష్ట్రంలో ఏదో ఒక ఊరి హద్దులో లేని అడవి దాదాపు లేదని, ఆ అడవుల మీద రాజ్యం యాజమాన్యం చెలాయించిన దాఖలాలు కూడా తమకు కనపడలేదని 1870ల తొలినాళ్లలోనే రాసింది. అడవి జనానిదని జనం చెప్పడం వేరు, కుంఫిణీ వారసులైన రెవెన్యూ అధికారులే ఒప్పుకుని కాగితం మీద పెట్టడం వేరు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సింది. ఆ అభ్యంతరం వల్లే మద్రాసుకు 1882లో విడిగా చట్టం వచ్చింది. మాటలు కొంత మెత్తబడ్డాయి గానీ పని మాత్రం అదే.

ఆ పని ఎట్లా జరిగిందన్నది కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే అసలు దెబ్బ అక్కడే తగిలింది. ఒక అడవిని రిజర్వు చేయాలనుకున్నప్పుడు, అంటే సర్కారు తన అధీనంలో పెట్టుకోవాలనుకున్నప్పుడు, ప్రకటన వేస్తుంది. ఆ అడవి మీద ఎవరికైనా హక్కులుంటే ఫలానా గడువులోగా సెటిల్‌మెంటు అధికారి ముందుకొచ్చి చెప్పుకోవాలి. ఆయన విచారించి కొన్ని ఒప్పుకుంటాడు, కొన్ని కొట్టేస్తాడు, కొన్నిటికి పరిహారం కడతాడు. గడువు దాటాక నోరు తెరవని హక్కులన్నీ రద్దయినట్టే. పట్టాదారుకు, జమీందారుకు ఇది అర్థమయ్యే వ్యవహారం. ఎండాకాలం ఒకచోట, వానాకాలం ఇంకోచోట ఉంటూ, ప్రకటన చదవలేని, కచేరీ మొహం చూడని జనానికి ఆ గడువు వచ్చిందని తెలియదు, పోయిందనీ తెలియదు. పైగా ఆ ఫారంలో అడిగేది పొలం హక్కు, దారి హక్కు, మేత హక్కు. ‘ఈ వాగు నుంచి ఆ గట్టు దాకా మా గుంపుది, మా ఇంటి అల్లుళ్లది కూడా’ అనే హక్కుకు అక్కడ గడి లేదు.

అట్లా హక్కు పోయింది. దాని స్థానంలో సర్కారు దయతో ఇచ్చే రాయితీ వచ్చింది. వంటకు ఎండుపుల్లలు ఏరుకోవచ్చు, తినడానికి గడ్డలు తవ్వుకోవచ్చు, కానీ అమ్మకూడదు. ఇప్పపువ్వు ఏరొచ్చు, కానీ గుత్తదారు చెప్పిన ధరకే ఇవ్వాలి. రాయితీకి షరతులుంటాయి. షరతు దాటితే అది నేరం. ఎండుగడ్డికి నిప్పు పెట్టి కొత్త చిగురు తెప్పించడం పశువుల కాపరుల పాత అలవాటు, అదిప్పుడు అడవిని తగలబెట్టడం అయింది. రిజర్వులోకి అడుగు పెట్టిన మేక మీద జరిమానా. నేరాన్ని పట్టుకునే పని అతి తక్కువ జీతం మీద బతికే గార్డుది కాబట్టి, జరిమానా కంటే ముందు మామూలు. కోడిపెట్ట, తేనె, ఒక పూట వెట్టి, ఇవి ఏ చట్టంలోనూ లేవు గానీ అడవిలో చట్టం కనిపించే రూపం అదే.

1880ల్లో నంద్యాల, గిద్దలూరుల మధ్య నల్లమలను చీల్చుకుంటూ మీటర్ గేజి రైలు మార్గం పడింది. దొరబావి వంతెన ఆనాటిదే. దక్షిణపు ఒడ్డు చెంచులు కలప కొట్టే కూలీలుగా, ఫలసాయం సేకరించి శాఖకు అప్పగించే కూలీలుగా మారడం ఈ కాలంలోనే మొదలైంది. తన తేనెకు తానే కూలీ కావడం అంటే ఇదే.

నదికి ఈవలి ఒడ్డు

ఇక పాలమూరు చిక్కుముడి. అమ్రాబాద్ నిజాం రాజ్యంలో ఉంది. కొల్లాపూర్ వైపు అడవులు సంస్థానాధీశులవి. ఇక్కడ తెల్ల కలెక్టరు లేడు. మరి వలసపాలన అని ఎట్లా అంటాం?

రాజు స్వదేశీయుడే కానీ రాజ్యం నడిపే పనిముట్లు బ్రిటిష్‌వి. నిజాం దివాను సాలార్‌జంగ్ సంస్కరణల కాలం నుంచి హైదరాబాదు రెవెన్యూ వ్యవస్థను బ్రిటిష్ జిల్లాల నమూనాలో మార్చుకుంటూ వచ్చారు. అడవుల శాఖ కూడా ఆ వరసలోనే పుట్టింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. ఆ మార్గం బ్రిటిష్ అవసరానిది, దాని ఖర్చు భారం నిజాం ఖజానాది. టేకుకు, నల్లమద్దికి గిరాకీ పెరిగింది. రిజర్వు అడవి, గుత్త, పర్మిట్, కేసు అన్న మాటలన్నీ మద్రాసు, బొంబాయి నుంచి ఇక్కడికి నడిచివచ్చినవే. చివరకు 1355 ఫసలీ, అంటే 1945 హైదరాబాదు అటవీ చట్టం కూడా అదే అచ్చులో పోసింది. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చేదాకా ఉమ్మడి రాష్ట్రంలో తెలంగాణకు ఈ చట్టం, ఆంధ్రకు 1882 మద్రాసు చట్టం నడిచాయి. అంటే నదికి అటూ ఇటూ ఒకే ఇంటిపేర్లున్న చుట్టాలు రెండు చట్టాల కింద బతికారు, రెండింటిలోనూ ఒకే నేరం చేసినవాళ్లయ్యారు.

ఇక్కడ అదనంగా మరో రెండు సంగతులున్నాయి. ఒకటి షికారు. ఫరహాబాద్ నిజాం వేట విడిది. పెద్దపులి వేట దొరలకు వినోదం, పెంట మనిషి కుందేలు కొడితే తప్పు. రెండోది దొరతనం. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో దేశ్‌ముఖ్‌లు, సంస్థానాలు బంచరాయి భూములను (పశువుల మేత బీళ్లను), చెరువులను, చెట్టూచేమను తమ గుప్పిట్లో పెట్టుకున్నారు. అడవి సర్కారుది, మేత దొరది అయినచోట పశువుల మీద బతికేవాళ్లకు నిలబడే నేలే లేకుండా పోయింది. లంబాడాల కథ ఇదే. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దక్కన్ అంతా తిరిగినవాళ్లు. రైలు, రోడ్డు ఆ వ్యాపారాన్ని తినేశాక దేవరకొండ, అచ్చంపేట అడవి అంచుల్లో తండాలు కట్టుకుని పశువుల మీద, మెట్ట సేద్యం మీద పడ్డారు. అక్కడ కూడా రిజర్వు గీత వాళ్ల ముందు నిలబడింది.

తిరుగుబాటు ఎక్కడ వెతకాలి

తెలుగు నేలలో అడవి తిరుగుబాట్లన్నీ ఏదో ఒక ఆచారాన్ని రాజ్యం తెంపినచోటే లేచాయి. 1879 రంప తిరుగుబాటుకు నిప్పు పెట్టింది కల్లు. ఇంటి అవసరానికి గీసుకునే చెట్ల మీద చిగురుపన్ను వేశారు, ఆపై కొత్త ఆబ్కారీ పద్ధతితో గీత హక్కును గుత్తదార్లకిచ్చారు. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర లాంటి వాళ్లు దాని మీద లేచినవాళ్లే. 1922లో గూడెం కొండల్లో పోడు మీద ఆంక్షలు, డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనులకు చేయించిన చాకిరీ అల్లూరి సీతారామరాజు పోరాటానికి నేల సిద్ధం చేశాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో, నల్లమలకు ఆనుకున్న పల్నాడులో, పశువుల మేత మీద వేసిన పుల్లరి కట్టం అన్నందుకు మించాలపాడు దగ్గర కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ అడిగింది తాము నరికి సాగు చేసుకున్న నేల మీద హక్కే.

మరి అమ్రాబాద్? ఇక్కడ ముఠాదారు, అంటే కొన్ని ఊళ్ల మీద పెత్తనం ఉన్న కొండ పెద్ద, లేడు, తెగ పెద్దల యంత్రాంగం లేదు. ఇరవై గుడిసెల పెంటలు కొండకొకటిగా విసిరేసినట్టు ఉంటాయి. వందలమందిని ఒకచోట కూడేసే పద్ధతే లేని సమాజంలో సైన్యం పుట్టదు. వాళ్లకున్న ఆయుధం వేరు. కదిలిపోగలగడం, అవసరాలు తక్కువగా ఉండటం. గార్డు వేధిస్తే పెంట ఇంకో నీటి దగ్గరికి జరుగుతుంది. గుత్తదారు ధర నచ్చకపోతే రేపటినుంచి పనికి రారు, వాళ్ల తిండి అడవిలో ఉంది. అధికారులు ఎద్దులిచ్చారు, నాగళ్లిచ్చారు, రోడ్డు పక్కన వరసగా ఇళ్లు కట్టించారు. వ్యవసాయ పథకాలు పదేపదే విఫలమయ్యాయి, వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి పెంటలకు చేరారు. దస్త్రాల్లో దీనికి సోమరితనమని, వెనుకబాటుతనమని పేర్లు పెట్టారు. అనుమతి లేకుండా తేనె తీయడం, రిజర్వులో గడ్డలు తవ్వడం, ఇవన్నీ కేసుల పుస్తకంలోకి ఎక్కాయి. ఒకే పనిని ఒక జనం తరాలపాటు, శిక్షలు తెలిసీ, మానకుండా చేస్తుంటే దాన్ని చిల్లర నేరాల కుప్పగా చూడటం నాకు సాధ్యం కాదు. హక్కు పోయిందని వాళ్లు ఒప్పుకోలేదని అర్థం.

ఇట్లా చెప్పడంలో ఒక ప్రమాదం ఉంది. ఆకలితో చేసిన ప్రతి పనికీ తిరుగుబాటు రంగు పులిమితే ఆకలి కనపడకుండా పోతుంది. గుత్తదారు అప్పులో ఇరుక్కుని, ఫారెస్టు బంగ్లాలో వెట్టి చేసి, బక్కచిక్కి చనిపోయినవాళ్లు ఎందరో. ప్రతిఘటన ఉందంటే నష్టం జరగలేదని కాదు. కదిలిపోయే ఆయుధం కూడా అడవి మిగిలినంతవరకే పనిచేస్తుంది.

సాయుధంగా తిరగబడ్డ కాలం ఈ ప్రాంతానికీ వచ్చింది, అది మైదానం నుంచి మొదలైంది. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని ధర్మపురం లంబాడాలు తమ భూముల కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించారు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఠానూ నాయక్ కుటుంబం పేరు అక్కడి నుంచే వచ్చింది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక కమ్యూనిస్టు దళాలు ఒకవైపు గోదావరి అడవులకు, మరోవైపు నల్లమలకు తరలాయి. అమ్రాబాద్ పెంటల మీదుగా సాగిన ఆ రెండుమూడేళ్ల రాకపోకల్లో దారి తెలిసినవాళ్లు చెంచులే.

అంతకుముందు 1947లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ పిలుపుతో జరిగిన ఆందోళనల్లో నిజాం ఆబ్కారీ రాబడిని దెబ్బతీయడానికి ఈత, తాటి చెట్లు నరికించారు. చెట్టు మీద బతికే గీత కార్మికుడి ముందు ఆ చెట్టును పడేయడం కూడా సత్యాగ్రహమే అయింది. అడవినీ చెట్టునూ రాబడిగానే చూసే చూపు రాజ్యాన్ని వ్యతిరేకించినవాళ్లకూ అంటుకుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

రాయితీ కాగితాలు

జోడేఘాట్ తర్వాత నిజాం సర్కారు కొంత మేలుకుంది. హైమండార్ఫ్ సిఫారసులతో 1940ల్లో అమ్రాబాద్ పీఠభూమిలో చెంచు రిజర్వు ఏర్పాటు చేసింది. ఆ హద్దుల్లో చెంచులు తమకు నచ్చినచోట ఉండి, ఫలసాయం సేకరించుకోవచ్చు. ఇది కూడా ఇచ్చిన రాయితీయే గానీ, ఒక నేలకు, ఒక జనానికి ఉన్న సంబంధాన్ని ఆ రాజ్యం కాగితం మీద ఒప్పుకోవడం అదే మొదలు. 1949లో హైదరాబాదు గిరిజన ప్రాంతాల నిబంధన, 1950లో షెడ్యూల్డు ప్రాంతాల ఉత్తర్వు వచ్చాయి. ఆ ఉత్తర్వులో అచ్చంపేట తాలూకా కింద ఉన్న పట్టికను ఒకసారి చదవండి: అప్పాపూర్, రాంపూర్, మేడిమల్కల, ఈర్లపెంట, అగర్లపెంట, తపసిపెంట, బావిపెంట, సార్లపల్లి, మన్ననూర్... డజన్లకొద్దీ పేర్లు. నల్లమలలో ఎక్కడెక్కడ మనుషులున్నారో భారత ప్రభుత్వం స్వయంగా అచ్చువేసిన జాబితా అది.

తర్వాతి కాలంలో చట్టాల మీద చట్టాలు వచ్చాయి. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ గుత్తదారు స్థానంలో కొనుగోళ్లు మొదలుపెట్టింది, బంకకూ తేనెకూ కొంత మెరుగైన దారి దొరికింది. 1972 వన్యప్రాణి చట్టం వేటను కట్టడి చేసింది, 1991 సవరణతో అది దాదాపు పూర్తిగా నేరమైంది. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి పులుల అభయారణ్యమైంది. రాష్ట్ర విభజన తర్వాత ఈవలి భాగం 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వుగా విడివడింది. సార్లపల్లి, కుడిచింతలబైలు, వటవర్లపల్లి ఊళ్లను తరలించాలన్న మాట అందులోంచే వచ్చింది. పులిని కాపాడాలన్నదాంట్లో నాకు రెండో మాట లేదు. పులి, చెంచు శతాబ్దాలుగా ఒకే నీటి దగ్గర బతికిన సంగతి తెలిసీ ముందు మనిషినే లేపేయాలనుకోవడం మాత్రం 1878 నాటి ఆలోచనే.

అదే అడవిలో యురేనియం వెతకడానికి 2019లో సూత్రప్రాయంగా అనుమతి వచ్చింది. పెంటలు, అచ్చంపేట, అమ్రాబాద్ ఊళ్లు ఒక్కటై నిలబడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా వ్యతిరేక తీర్మానం చేసింది. నల్లగొండ జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు తండాల జనం 2003లోనే ప్రజాభిప్రాయ సేకరణ దగ్గర ఈ గనులను ఎదిరించారు.

2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలో ‘చారిత్రక అన్యాయం’ జరిగిందని ఒప్పుకుంది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల నిర్వచనంలో తేనె, మైనం, గడ్డలు, దుంపలు పేరుపేరునా ఉన్నాయి, వాటి మీద సేకరించేవాళ్లకు యాజమాన్య హక్కు ఇచ్చింది. వేటను మాత్రం మినహాయించింది. 3(1)(ఇ) సెక్షను మరీ ముఖ్యం. ఆదిమ తెగలకు, వ్యవసాయానికి ముందు దశలో ఉన్న సమూహాలకు వాళ్ల ఆవాసం మొత్తం మీద సామూహిక హక్కు ఉందంటుంది. 1882లో గడి లేని హక్కు అదే: ఈ వాగు నుంచి ఆ గట్టు దాకా. వ్యక్తిగత పట్టాల కోసం రెండెకరాలు, మూడెకరాలు అంటూ తిరిగే మన కార్యాలయాలు ఈ సెక్షనుకు ఇవ్వాల్సినంత విలువ ఇవ్వలేదు. చెంచులకు కొలిచి ఇచ్చే చెక్క నేల కంటే ఇది ఎన్నో రెట్లు పెద్ద సంగతి.

దీనికి సాక్ష్యం ఏం చూపాలన్నది ఆ చట్టం కింద 2008లో వచ్చిన నిబంధనల్లో ఉంది. 13వ నిబంధన ప్రకారం గెజిటీర్లు, జనాభా లెక్కలు, పటాలు చెల్లుతాయి. ఆచారాలను నమోదు చేసిన పరిశోధనలు చెల్లుతాయి. పెద్దల మాటను రాసుకున్న వాంగ్మూలం చెల్లుతుంది. గడ్డలు తవ్వుకునే చోట్లు, నీటి చెలమలు, దేవర చెట్లు, పూడ్చిపెట్టిన జాగాలు సామూహిక హక్కుకు ఆధారాలవుతాయి. ఇంకో మాట కూడా అందులో ఉంది: పూర్వపు సంస్థానాలు, రాజ్యాలు ఇచ్చిన హక్కులు, రాయితీలు, ప్రత్యేక వెసులుబాట్ల దస్త్రాలు ఏవైనా సరే. అంటే నిజాం సర్కారు దయగా రాసిచ్చిన చెంచు రిజర్వు కాగితం, దానికి ఆధారమైన 1940 నాటి నమోదులు, 1950 పెంటల పట్టిక, ఇవన్నీ ఇప్పుడు హక్కుకు రుజువులు. ఇలాకా ఎల్లలు నోటితో చెప్పగల పెద్దలు అప్పాపూర్, మేడిమల్కల పెంటల్లో ఇంకా ఉన్నారు. మన్ననూర్ ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ), అటవీ హక్కుల జిల్లా కమిటీ ఆ పెద్దలతో కూర్చుని వాగు వాగునూ, గట్టు గట్టునూ పటం మీద గీయాల్సిన పని ఇది. ఆ కమిటీ బాధ్యతేనని 2012లో సవరించిన నిబంధనలు కూడా స్పష్టంగా చెబుతున్నాయి.